ఎంఎస్‌లో చెయ్యి నిజంగా బాగుపడిందా? కొలిచి తేల్చుకోవడం ఎలా

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, అంటే మెదడు, వెన్నుపాముల్లో నరాల పొర దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ళకి మూడు నెలల ఫిజియోథెరపీ అయ్యాక ఫైల్లో ఒక లైను ఉంటుంది: నైన్ హోల్ పెగ్ టెస్ట్ (పుల్లల్ని రంధ్రాల్లో పెట్టి తీసే పరీక్ష), కుడి చెయ్యి, మొదట్లో 34 సెకన్లు, ఇప్పుడు 31. థెరపిస్టు ఇంప్రూవ్‌మెంట్ కనిపిస్తోందంటారు. ఇంట్లోవాళ్ళకి కాస్త ధైర్యం వస్తుంది. మీకేమో పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకోవడం ఎప్పటిలాగే యాతన. మరి చెయ్యి బాగుపడినట్టా, కానట్టా?

ఆ ఒక్క లైనుతో తేలదు. ఆ మూడు సెకన్లు ముందురోజు నిద్ర బాగా పట్టడం వల్ల తగ్గి ఉండొచ్చు, పరీక్ష అలవాటవడం వల్ల తగ్గి ఉండొచ్చు, నిజంగా వేళ్ళు కుదుటపడీ ఉండొచ్చు. వీటిని విడదీయాలంటే రెండు గీతలు కావాలి. ఇంత తేడా దాటితేనే అది మార్పు, అంతకు లోపలైతే కొలతలో మామూలుగా ఉండే ఊగిసలాట అని చెప్పేది మొదటి గీత. ఇంత మార్పు వస్తేనే నా రోజువారీ పనిలో అక్కరకొస్తుంది అని చెప్పేది రెండోది. రెండూ వైద్యం మొదలవకముందే గీసుకోవాలి. అయ్యాక గీస్తే, వచ్చిన అంకె ఏదైనా గీత దాని పక్కకే జరుగుతుంది. రోగి గీసినా అంతే, థెరపిస్టు గీసినా అంతే.

కింద చెప్పేవి మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ళకీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ, వాళ్ళతో పనిచేసే ఫిజియోలకీ, ఆక్యుపేషనల్ థెరపిస్టులకీ. ఫోన్లో స్టాప్‌వాచ్, ఒక నోటుబుక్కు, తోడుగా ఓ మనిషి ఉంటే చాలావరకు ఇంట్లోనే చేసుకోవచ్చు.

1. ఏ పని కావాలో ముందు రాసుకోండి

"చెయ్యి బాగవ్వాలి" అని రాస్తే దాన్ని ఎప్పటికీ కొలవలేరు. మూడు పనులు ఎంచుకోండి. రోజూ చేసేవి, చెయ్యి సహకరించకే ఆగిపోతున్నవి అయి ఉండాలి. కాళ్ళలో పట్టు లేక వంటింట్లో నిలబడలేకపోతుంటే కూర తరగడం చేతికి పరీక్ష కాదు; కూర్చుని తరగగలిగితే అప్పుడు లెక్కలోకి తీసుకోండి. విదేశీ ప్రశ్నావళుల్లో కత్తీ ఫోర్కుతో కోసుకు తినడం లాంటివి అడుగుతారు. మనకి అసలు పరీక్ష పప్పన్నం కలిపి, ముద్ద చేసి, మెతుకు జారకుండా నోటిదాకా తీసుకెళ్ళడం. జడ వేసుకోవడం, కుక్కర్ మూత బిగించడం, చెంబుతో నీళ్ళు పోసుకోవడం, సంతకం, ఫోన్లో టైపింగు, ఏదైనా మీదే.

ఎంచుకున్న పనిని ముక్కలు చేసి చూడండి. చీర కుచ్చిళ్ళే తీసుకోండి. బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య బట్టని అటూ ఇటూ తిప్పుతూ మడతలు పెడుతుంటే, అప్పటికే పెట్టిన మడతలు రెండో చేతి వేళ్ళ మధ్య నిలవాలి. కొందరికి తిప్పే చెయ్యి బాగానే ఉంటుంది, పట్టుకున్న చేతిలో స్పర్శ తక్కువై మూడో మడత దగ్గర మొదటిది జారిపోతుంది. కళ్ళు దించి చూస్తే తప్ప జారిన సంగతే తెలియదు. కొందరికి పట్టు ఉంటుంది గానీ, మడతల్ని బొడ్డు దగ్గర దోపబోయే సమయానికి వణుకు మొదలవుతుంది. బయటికి రెండూ "చీర కట్టుకోలేకపోతున్నాను" అనే మాటే. కొలవాల్సింది మాత్రం ఒకరిలో స్పర్శని, ఇంకొకరిలో వణుకుని.

ఇప్పుడు ప్రతి పనికీ ఐదు మెట్లు రాయండి. ఇవాళ ఉన్న స్థితి −1. ఇంతకంటే దిగజారితే −2. మూడు నెలల్లో న్యాయంగా ఆశించదగ్గది 0. అనుకున్నదానికన్నా మెరుగైతే +1, చాలా మెరుగైతే +2. కుచ్చిళ్ళ విషయంలో ఇలా రాయొచ్చు: "మడతలు పెట్టుకోగలను, దోపడానికి అమ్మాయి సాయం కావాలి" −1. "కూర్చుని అయినా సరే, ఒక్కదాన్నే కట్టుకుంటాను, పది నిమిషాలు పట్టినా ఫర్వాలేదు" 0. దీన్ని గోల్ అటెయిన్‌మెంట్ స్కేలింగ్ అంటారు. 1968లో కిరెసుక్, షెర్మన్ అనే ఇద్దరు అమెరికన్లు మానసిక వైద్య సేవల కోసం తయారుచేసింది ఇప్పుడు పునరావాస వైద్యంలో మామూలైపోయింది. మెట్లు రాసిన తేదీ వేసి, కాగితం ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత దిద్దుకోవాలనిపిస్తుంది, దిద్దకండి.

థెరపిస్టు కెనడియన్ ఆక్యుపేషనల్ పర్ఫార్మెన్స్ మెజర్ వాడేవారైతే, ప్రతి పనినీ ఎంత బాగా చేస్తున్నారో, ఎంత తృప్తిగా ఉందో 10కి మార్కులు వేయమంటారు. అందులో 2 మార్కుల మార్పుని అర్థవంతమైనదిగా చూడటం వాడుక.

2. పెగ్ టెస్ట్ ఒకే పద్ధతిలో చేయండి

ఎంఎస్‌లో చేతి పనితనానికి అందరూ వాడేది నైన్ హోల్ పెగ్ టెస్టే. తొమ్మిది రంధ్రాల బల్ల, 3.2 సెం.మీ. పొడవున్న తొమ్మిది పుల్లలు, ఒక గిన్నె. ఒక్కో పుల్లనీ తీసి రంధ్రాల్లో పెట్టాలి, తొమ్మిదీ అయ్యాక ఆగకుండా ఒక్కొక్కటే తీసి మళ్ళీ గిన్నెలో వేయాలి. మొదటి పుల్లని తాకగానే వాచీ మొదలు, ఆఖరి పుల్ల గిన్నెలో పడగానే ఆపడం. మామూలుగా ఎక్కువ వాడే చెయ్యి ముందు, రెండుసార్లు. తర్వాత రెండో చెయ్యి, రెండుసార్లు. రెండు చేతుల సగటుల్నీ విడివిడిగా రాయాలి. ఐదు నిమిషాల్లో పూర్తి కాకపోతే ఆపేసి, ఎన్ని పుల్లలు పెట్టగలిగారో రాయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి సుమారు 20 సెకన్లు పడుతుంది, వయసుతో ఇంకాస్త పెరుగుతుంది.

చదవడానికి తేలిగ్గా ఉంది కదా. చేసేటప్పుడే తేడాలొస్తాయి. గిన్నె అంచు ఎత్తుగా ఉంటే, వేళ్ళలో పట్టు లేనివాళ్ళు పుల్లని ఆ అంచుదాకా జరిపి, దానికి ఆనించి పైకి లేపుతారు. పల్లెం వాడితే ఆ వీలు ఉండదు, సెకన్లు పెరుగుతాయి. బల్ల జారుతుంటే కింద రబ్బరు చాప వేయండి. కుర్చీ ఎత్తు, టేబుల్, వెలుతురు, గిన్నె ఏ వైపు ఉంది, పుల్ల కిందపడితే ఏం చేశారు, అన్నీ మొదటి రోజే రాసి, ప్రతిసారీ అలాగే చేయండి. కళ్ళజోడు ఉంటే తప్పకుండా పెట్టుకోవాలి. ఎంఎస్‌లో కంటి నరం దెబ్బతినడం మామూలే కాబట్టి, రంధ్రం సరిగా కనబడక పట్టిన సెకన్లు కూడా చేతి ఖాతాలోకి వెళ్ళిపోతాయి.

ప్రతిసారీ ఫోన్‌ని ఒకేచోట పెట్టి వీడియో తీయండి. సెకన్లు తగ్గాయి సరే, భుజం పైకెత్తి, నడుముతో ముందుకి ఊగి పెడుతున్నారా, లేక వేళ్ళే పనిచేస్తున్నాయా? మొదటిదీ పనికొచ్చే మార్పే, కాదనను. కానీ రెండూ ఒకటి కాదు, తర్వాత ఏ వ్యాయామం ఇవ్వాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

3. మొదటి అంకెల్ని నమ్మకండి

మొదటి రెండు మూడు సార్లు ఎవరికైనా సమయం తగ్గుతుంది. చెయ్యి మారి కాదు, ఆట తెలిసి. అందుకని వైద్యం మొదలవకముందే వేర్వేరు రోజుల్లో ఐదుసార్లు చేసి, మొదటి రెండూ పక్కన పెట్టేయండి. మిగిలిన మూడే మీ పునాది.

కుడి చేతికి వరసగా 39, 36, 34, 35, 33 వచ్చాయనుకుందాం. చివరి మూడింటి సగటు 34. ఊగిసలాట 33 నుంచి 35 దాకా, అంటే ఇరుకే. ఎడమ చేతికి చివరి మూడు 52, 61, 47 అనుకుందాం. సగటు 53 అయినా, రోజుకీ రోజుకీ 14 సెకన్లు ఊగుతోంది. ఈ ఎడమ చెయ్యి మూడు నెలల తర్వాత ఓ రోజు 45 సెకన్లలో పూర్తిచేస్తే పండగ చేసుకోవద్దు. ఏ వైద్యమూ లేకుండానే 47 చూపించిన చెయ్యి అది. ఎంఎస్‌లో చెయ్యి ఎంత ఎక్కువ దెబ్బతింటే అంకెలు అంత ఎక్కువగా ఊగుతాయి. కుడికి సరిపోయిన గీత ఎడమకి సరిపోదు.

అలాగే, చివర్లో కూడా ఒక్కరోజు కొలతతో తేల్చకండి. మూడు రోజులు తీసి సగటుని సగటుతో పోల్చండి.

థెరపిస్టుల కోసం ఒక మాట. మీ దగ్గర ఈ పరీక్షకి కొలత ప్రామాణిక దోషం (స్టాండర్డ్ ఎర్రర్ ఆఫ్ మెజర్‌మెంట్) తెలిసి ఉంటే, దాన్ని 2.77తో గుణిస్తే వచ్చేదే 95 శాతం నమ్మకంతో చెప్పగల కనీస మార్పు. దోషం 2 సెకన్లయితే సుమారు 5.5 సెకన్లు దాటాలి. ఒకే రోగి రెండు కొలతల మధ్య తేడాకి ఇది వర్తిస్తుంది. వార్డు మొత్తం సగటుకి ఇదే గీత పెట్టకండి.

4. 20 శాతం అనే గీత, దాని చుట్టూ ఉన్న మెలికలు

పెగ్ టెస్ట్‌లో 20 శాతం మార్పుని అర్థవంతమైనదిగా తీసుకోవడం ఎంఎస్ పరిశోధనల్లో స్థిరపడిన పద్ధతి. పైన చెప్పిన కుడి చేతికి 34లో 20 శాతం అంటే 6.8, కాబట్టి దాదాపు 27 సెకన్లకి రావాలి. మూడు నెలలకి సగటు 30 వచ్చిందనుకోండి. పునాది ఊగిసలాటలో కనిష్ఠం 33, దాన్ని దాటారు కాబట్టి మార్పు నిజమేనని నమ్మొచ్చు. తగ్గింది మాత్రం 12 శాతమే. ఇలా రెండు గీతల నడుమ ఉండేవాళ్ళు చాలామంది. అప్పుడు తీర్పు చెప్పాల్సింది సెకన్లు కాదు, మీరు మొదట రాసుకున్న మెట్లు. కుచ్చిళ్ళు −1 నుంచి 0కి వస్తే 12 శాతమైనా అది బాగుపడటమే. మెట్టు కదలకపోతే, "మార్పు ఉంది, ఇంకా అక్కరకి రాలేదు" అని అలాగే రాయండి. రెండూ వేరని ఫైల్లో కనబడాలి.

ఇందులో లెక్కల మెలిక ఒకటుంది. 40 సెకన్ల చెయ్యి 48కి పోతే 20 శాతం దిగజారినట్టు. అదే చెయ్యి తిరిగి 48 నుంచి 40కి వస్తే తగ్గింది 16.7 శాతమే. పోయిందంతా తిరిగొచ్చినా కాగితం మీద "బాగుపడలేదు" అని పడుతుంది! అందుకే శాతం పక్కన అసలు సెకన్లు కూడా ఉండాలి. పైగా ఈ 20 శాతం ఔషధ ట్రయల్స్‌లో ఎక్కువగా వాడింది చెయ్యి దిగజారడాన్ని పట్టుకోవడానికే. థెరపీతో బాగుపడటానికి అదే గీత వాడుతున్నామన్న ఎరుకతో వాడండి.

రెండు కొసల్లోనూ ఈ పరీక్ష మొరాయిస్తుంది. ఇప్పటికే 20 సెకన్లలో పూర్తిచేసే చేతికి అందులో 20 శాతం తగ్గే చోటే లేదు. పుల్ల పట్టుకోవడమే రాని చేతికి ఐదు నిమిషాల గడువు గోడలా నిలబడుతుంది, లోపల ఏం మారినా బయటికి కనిపించదు.

5. పెగ్ కుదరకపోతే

వేళ్ళు బిగుసుకుపోయి, పట్టి వదలడం మాత్రమే వస్తున్న చేతికి బాక్స్ అండ్ బ్లాక్ టెస్ట్ మేలు. 2.5 సెం.మీ. చెక్క ఘనాలు 150, మధ్యలో అడ్డు ఉన్న పెట్టె. ఒక నిమిషంలో ఒక్కొక్కటిగా ఎన్ని అవతలికి వేశారో లెక్క. మూడు వేసినా అది ఒక అంకే, సున్నా కాదు.

భుజం నుంచి వేలిదాకా చూడాలంటే యాక్షన్ రీసెర్చ్ ఆర్మ్ టెస్ట్: 19 అంశాలు, మొత్తం 57 మార్కులు. గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్ళు పోయడం, గోళీ తీయడం, చెయ్యి తల వెనక్కి పెట్టడం లాంటివి అందులో ఉంటాయి. ఇందులో అర్థవంతమైన మార్పు సుమారు 6 మార్కులని చాలాచోట్ల చదువుతారు. ఆ అంకె పక్షవాతం వచ్చి చాలాకాలమైన వాళ్ళ దగ్గరనుంచి వచ్చింది. పక్షవాతంలో దెబ్బ సాధారణంగా ఒక వైపు, ఒక్కసారిగా. ఎంఎస్‌లో రెండు చేతులూ, హెచ్చుతగ్గులతో. అరువు తెచ్చుకున్న గీతని అరువుగానే చూడండి.

పట్టు బలానికి డైనమోమీటరు. కూర్చుని, మోచెయ్యి 90 డిగ్రీలు వంచి, మూడుసార్ల సగటు. దీని మీద మరీ ఆధారపడకండి. బలం పెరిగినా వణుకూ తిమ్మిరీ అలాగే ఉంటే గుండీ పడదు.

6. ఎండ, అలసట, మందుల వేళ

ఒంట్లో వేడి పెరిగితే ఎంఎస్ లక్షణాలు తాత్కాలికంగా ముదురుతాయి. 1890లో జర్మన్ కంటి వైద్యుడు ఊట్‌హాఫ్ గమనించిన సంగతి ఇది, ఆయన పేరుతోనే పిలుస్తారు. తెలుగు ప్రాంతాల్లో ఉండేవాళ్ళకి దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు. జనవరిలో పునాది కొలత, మే నెలలో చివరి కొలత తీస్తే మంచి థెరపీ కూడా దండగలా కనిపిస్తుంది. మేలో మొదలుపెట్టి వానలు పడ్డాక ఆగస్టులో కొలిస్తే పనికిరాని థెరపీ కూడా అద్భుతంలా కనిపిస్తుంది. గది ఉష్ణోగ్రత ప్రతిసారీ రాయండి. ఏసీ గది ఉంటే ఎప్పుడూ అందులోనే చేయండి. ఆసుపత్రికి రెండు బస్సులు మారి వచ్చిన వెంటనే పరీక్షకి కూర్చోబెట్టొద్దు. అరగంట చల్లగా కూర్చోనివ్వండి.

రోజులో ఒకే వేళ ఎంచుకోండి, చాలామందికి పొద్దున మేలు. కండరాల బిగుతుకి బాక్లోఫెన్ లాంటిది వేసుకుంటుంటే మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి కొలిచారో రాయండి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్న వారం కొలత వాయిదా వేయండి.

7. అంకె చూపించకముందే అడగండి

చివరి కొలత అయ్యాక, ఫలితం చెప్పేలోపు, రోగిని అడగండి: "మూడు నెలల కిందటితో పోలిస్తే చెయ్యి ఎలా ఉంది? చాలా నయం, కొంచెం నయం, అలాగే ఉంది, కొంచెం అధ్వానం, చాలా అధ్వానం." ఇంట్లోవాళ్ళని వేరుగా అడగండి, ఒకరి జవాబు ఇంకొకరికి వినపడకుండా. ముందే "మూడు సెకన్లు తగ్గిందండీ" అన్నారంటే, తర్వాత వచ్చే జవాబు మీదే, వాళ్ళది కాదు. మన దగ్గర ఇంకో చిక్కు: డాక్టరుగారు బాధపడతారని "పర్లేదండీ, బానే ఉంది" అనేవాళ్ళు ఎక్కువ. అందుకే ఆ ప్రశ్న వైద్యం చేసినవాళ్ళు కాకుండా వేరొకరు అడిగితే మంచిది.

ప్రశ్నావళి కావాలంటే నెదర్లాండ్స్‌లో ప్రత్యేకంగా ఎంఎస్ చేతుల కోసమే తయారైనది ఉంది, 31 ప్రశ్నలు. మీరే అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి అడిగితే, ఆ స్కోరుని ఆ మనిషి పాత స్కోరుతో మాత్రమే పోల్చండి. ప్రచురించిన అంకెల పక్కన పెట్టకండి.

8. ఘనత ఎవరిదో చూడండి

రిలాప్స్ (జబ్బు ఉన్నట్టుండి తిరగబెట్టడం) వచ్చి తగ్గుతున్నవాళ్ళకి స్టెరాయిడ్ కోర్సు తర్వాత వారాలు, నెలలపాటు చెయ్యి తనంతట తనే తేరుకుంటూ ఉంటుంది. ఆ సమయంలో మొదలుపెట్టిన ఏ వ్యాయామమైనా, ఏ నూనె మర్దనా అయినా పనిచేసినట్టే కనిపిస్తుంది. థెరపీ సంగతి తేలాలంటే, పునాది కొలతలు నిలకడగా ఉన్నాకే మొదలుపెట్టాలి.

ఇంకో ఉపాయం: శిక్షణ ఇవ్వని పనిని కూడా ఒకటి కొలవండి. కుడి చేతికి మాత్రమే శిక్షణ ఇచ్చారు, ఎడమ కూడా అంతే మెరుగైంది. అప్పుడు చల్లబడిన వాతావరణాన్నో, అలవాటునో, కొత్త మందునో అనుమానించాలి. శిక్షణలో రోజూ పెగ్ బల్ల మీదే ప్రాక్టీసు చేయించి, చివర్లో పెగ్ టెస్ట్‌తో కొలవడం ప్రశ్నపత్రం ముందే ఇవ్వడం లాంటిది. బల్ల పరీక్షకి మాత్రమే బయటికి తీయండి.

9. న్యూరాలజిస్టు దగ్గరికి

"ఈడీఎస్ఎస్ ఏమీ మారలేదు" అని వినగానే నిరాశపడకండి. ఎంఎస్‌లో వైకల్యం ఎంతుందో చెప్పడానికి న్యూరాలజిస్టులు వేసే స్కోరు అది. 0 నుంచి 10 వరకూ ఉండే ఆ స్కోరు 4 దాటాక దాదాపు 7 వరకూ ప్రధానంగా నడకనే చూస్తుంది. ఒక కర్ర అవసరమైతే 6, రెండు వైపులా ఊతం కావాలంటే 6.5. ఆ మెట్ల మీద ఉన్నవాళ్ళ చెయ్యి ఎంత మారినా స్కోరు కదలకపోవచ్చు. సెకండరీ ప్రోగ్రెసివ్ ఎంఎస్‌లో (మొదట రిలాప్స్‌లతో మొదలై, తర్వాత మెల్లగా ముదురుతూ పోయే రకంలో) నటాలిజుమాబ్ అనే మందు మీద చేసిన ఆసెండ్ అనే ట్రయల్ ఫలితాలు 2018లో ప్రచురితమయ్యాయి. మొత్తంగా పెట్టుకున్న లక్ష్యం నెరవేరలేదు గానీ, చేతుల విషయంలో దిగజారడం తక్కువగా కనిపించింది. నడకా చెయ్యీ ఒకే దారిలో పోవాలని లేదన్నమాట. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళకి కుర్చీ నడపాలన్నా, ముద్ద నోట్లో పెట్టుకోవాలన్నా మిగిలింది చేతులే కాబట్టి, వాటిని విడిగా కొలవమని అడిగే హక్కు మీకుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. ఆ సర్టిఫికెట్ మీద వేసే శాతం వేరే లెక్క. థెరపీ ఫలితాన్ని దానితో ముడిపెట్టకండి.

డాక్టరుకి ఇచ్చేది ఒక్క పేజీ చాలు: మూడు పనుల మెట్లు అప్పుడూ ఇప్పుడూ, రెండు చేతుల పునాది కొలతలు, చివరి కొలతలు, ఊగిసలాట, గది ఉష్ణోగ్రత, మధ్యలో మారిన మందులు. వీడియోలు ఫోన్లో సిద్ధంగా ఉంచుకోండి, రెండు నిమిషాల్లో చూపించేలా. తర్వాతి కొలత మూడు నెలలకి. ఈలోగా జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా చెయ్యి ఉన్నట్టుండి బలహీనపడి, 24 గంటలు దాటినా తేరుకోకపోతే స్టాప్‌వాచ్ పక్కన పెట్టి ముందు డాక్టరుకి ఫోన్ చేయండి.